సిమెంటు బస్తాల మధ్య మృదంగం

ఈ మధ్య మస్కట్‌లోని ఖురంలో జరిగిన ఒక సంగీతోత్సవం సందర్భంగా వెలువరించిన ప్రత్యేక సంచికలో, ఒమాన్‌లో మన సంగీతం నిలదొక్కుకున్న తీరు గురించి నాలుగు పుటల వ్యాసం అచ్చయింది. మా అమ్మాయి తెచ్చి ఇస్తే కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాను. మృదంగానికి అందులో ఒక పేరా కేటాయించారు. ఆ పేరాలో ఏడుగురి పేర్లున్నాయి. ‘తొలితరం గురువు’ అన్న విశేషణంతో మొదటి పేరు నాది. నాకు మృదంగం నేర్పిన కృపావతిగారి పేరు ఆ ఏడింటిలో లేదు. కోస్తాలోని తన ఊళ్ళో ఆమె కన్నుమూసి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. నేను వెంటనే వ్యాసం రాసినాయనకు ఫోన్ చేశాను.

“ఆవిడ గురించి మా దగ్గర రికార్డేమీ లేదు సార్,” అన్నాడాయన, మర్యాదగానే.

“నా దగ్గర ఉంది.”

“అయితే ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. వచ్చే సంవత్సరం చూద్దాం.”

నా దగ్గరున్నవి ఆమె పాఠాలు నేను రాసుకున్న పదిహేడు నోటుపుస్తకాలు. వాటిని ఫొటో తీసి పంపడం ఎలాగో నాకు తెలియదు, తెలిసినా పంపను. ఒక మనిషి ముప్పై ఏళ్ళు ఈ దేశపు ఆసుపత్రుల్లో రోగుల గాయాలు కడిగి, అదే చేతులతో మృదంగం వాయించి, నాబోటివాడికి నేర్పి వెళ్ళిపోతే, ఆమె గురించి ‘రికార్డు లేదు’ అనడానికి ఎంత తీరిక కావాలి? నా జ్ఞాపకాల్లో ఈ అధ్యాయం ఆ తీరికకు సమాధానంగా రాస్తున్నాను.

నలభై ఏళ్ళు దాటింది; నేను అప్పుడు మస్కట్‌కు దూరంగా రుస్తాఖ్‌లో ఒక నిర్మాణ కంపెనీకి స్టోరుకీపరుగా ఉండేవాణ్ణి. పాతికేళ్ళ వయసు. బస్తా సిమెంటు లోపలికి వస్తే రాయాలి, బయటికి పోతే రాయాలి; ఆ అలవాటు డ్యూటీతో ఆగక జీవితమంతటికీ పాకింది. క్యాంపులో రూముకు ఎనిమిది మందిమి. అందరమూ ఉత్తర తెలంగాణ వాళ్ళమే. నా పక్క మంచం గంగారాంది. అతడు తాపీమేస్త్రీ, కంబి కట్టడంలోనూ అంతే నేర్పరి. చెయ్యి అడ్డం పెడితే ఇనుప చువ్వ కూడా దారి మార్చుకుంటుందని సైట్‌లో చెప్పుకునేవారు. గురువారం ఒంటిపూట పని ముగిశాక అతని కార్యక్రమం ఎన్నడూ మారేది కాదు. గడ్డం గీసుకుని, రెండు చొక్కాలు ఉతికి చువ్వల మీద ఆరేసి, ఉల్లిగడ్డ కారం నూరి, ఎనిమిది మందికీ పప్పు తిరగమోత పెట్టేవాడు. ఆ తిరగమోత ఘాటు, తడిసిన గోనెల వాసన, డీజిలు, పక్క ఇళ్ళలోంచి తేలివచ్చే సాంబ్రాణి పొగ, ఎండాకాలమైతే తోటల్లో మగ్గుతున్న ఖర్జూరాల తీపి, ఇవన్నీ కలిసిన గాలి ఒకటుండేది. అలాంటి గాలిని మళ్ళీ ఎక్కడా పీల్చలేదు. ఇప్పుడు మా అమ్మాయి ఫ్లాటులో గాలికి వాసనే లేదు.

కృపావతిగారిని మొదట చూసింది ఆసుపత్రిలో. షట్టరింగ్ చెక్కలోని మేకు బూటు అడుగును చీల్చుకుని నా పాదంలో దిగింది. నన్ను కూర్చోబెట్టి, డాక్టరు వచ్చేలోగా ఒక నర్సు కాగితాలు నింపుతోంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. సన్నగా, చామనఛాయగా, నెత్తిమీద తెల్ల టోపీతో ఉంది. కుడిచేత్తో రాస్తూ ఎడమచేతి వేళ్ళతో మందుల ట్రే అంచు మీద కొడుతోంది. ఊసుపోక కొడుతున్న దెబ్బలు కావవి. వాటికొక నడక ఉంది; పోయి, తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చి దిగుతోంది. నేను నొప్పి మరిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. స్టోరుకీపరుని కదా.

“ఎనిమిదికి ఒకసారి తిరుగుతోంది గదా సిస్టర్, అదేంది?” అన్నాను.

ఆమె కలం ఆపి నా వంక చూసింది. “మేకు దిగినాయన అమ్మా అబ్బా అనాలి గానీ లెక్కలు కడతారేంటండీ?”

“నాకు అలవాటు.”

“ఆది తాళం,” అంది. “ఇంజెక్షను కూడా లెక్కపెట్టుకోండి, ఒకటే.”

అలా మొదలైంది. ఆమె తండ్రి డెల్టా పల్లెల్లో క్రీస్తు హరికథలు చెప్పే దాసుగారికి మృదంగం వాయించేవాడట. కొడుకులు ఇద్దరూ తప్పించుకుంటే పక్కన కూర్చున్న ఆడపిల్లకు నేర్పాడు. నేర్పాడే గాని వేదిక మీద కూర్చోబెట్టలేకపోయాడు. ఆడపిల్ల పక్కన మృదంగం వాయిస్తుంటే ‘మేం పాడం’ అని గాయకులన్నారు. ఆడపిల్ల వాయిస్తుంటే జనం కథ వింటారా పిల్లను చూస్తారా అని దాసుగారన్నారు. తండ్రి పోయాడు. ఆమె నర్సు చదువు చదివి, పెట్టెలో తెల్ల బట్టలూ, దుప్పటిలో చుట్టిన తండ్రి మృదంగమూ పట్టుకుని ఈ దేశం వచ్చింది. “నాకు ఒక్క కోరికుంది తమ్ముడూ,” అని ఒకసారి అంది నాతో. “ఒక్క కచేరీలో కూర్చోవాలి. నా వంతు తని నేను వాయించుకోవాలి. అది అయిపోతే మళ్ళీ ట్రేల మీదే వాయించుకుంటాను, నాకేం పర్వాలేదు.” కచేరీలో ఒక కీర్తన చివర గాయకుడు పాట ఆపి, తాను తాళం మాత్రం వేస్తూ, మృదంగాన్ని ఒంటరిగా మాట్లాడనిస్తాడు. దాన్ని తని ఆవర్తనం అంటారు. ఆమెకు ఈ లోకంలో కావలసింది అదొక్కటే.

పాఠాలు శుక్రవారం ఉదయం ఆరింటికి, మా కంపెనీ స్టోరులో. నర్సుల క్వార్టర్సులో రాత్రి డ్యూటీ చేసినవాళ్ళు నిద్రపోతుంటారు కనుక అక్కడ చప్పుడు చేయకూడదు. స్టోరులో మూడు గోడల వెంట సిమెంటు బస్తాలు కప్పు అంటేలా పేర్చి ఉండేవి. ఎంత వాయించినా శబ్దాన్ని అవి మింగేసేవి. ఆమెకు తోడు ఒక మలయాళీ సిస్టర్ వచ్చి గుమ్మంలో స్టూలు వేసుకుని బైబిలు చదువుకునేది. ఎనిమిదింటికి ఇద్దరూ ప్రార్థనకు వెళ్ళాలి. వచ్చీరాగానే కృపావతిగారు చిన్న గిన్నెలో బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేసి మృదంగం ఎడమ మూతకు అద్దేది. ఆ ముద్ద ఉంటేనే ఎడమవైపు గుండెలోంచి వచ్చినట్టు పలుకుతుంది. పాఠం కాగానే గీకి తీసెయ్యాలి. ఆసుపత్రి సబ్బుకి ఆమె వేళ్ళ కొసలు ఎప్పుడూ చిట్లి ఉండేవి. వాజిలీను రాసుకుని, ఆరనిచ్చి, వాయించేది. డెటాలు, రవ్వ, సిమెంటు ధూళి: నా విద్యాభ్యాసానికి ఉన్న వాసన ఇదే.

మొదటి నలభై ఒక్క శుక్రవారాలు నాచేత ‘త ధి తొం నం’ తప్ప మరొకటి వాయించనివ్వలేదు. పుస్తకంలో ఉంది, లెక్క తప్పు కాదు. వారమంతా చెక్కపలక మీద సాధన, శుక్రవారం మృదంగం మీద అప్పగింత. ముప్పయ్యో వారంలో నాకు కోపం వచ్చింది.

“అక్కా, ఇంకెన్నాళ్ళు ఈ నాలుగక్షరాలు?”

“నీకు నాలుగు వినపడుతున్నాయా? నాకింకా మూడే వినపడుతున్నాయి. ‘నం’ ఏదీ?”

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు స్కూల్ వార్షికోత్సవానికి ఎన్ని క్లాసులు పడుతుందని అడుగుతారు. పదికి మించితే మొహం చిట్లిస్తారు. వాళ్ళకు ఈ నలభై ఒక్క వారాల సంగతి చెబితే నేను అబద్ధమైనా చెబుతున్నాననుకుంటారు, లేదా మందబుద్ధినైనా అనుకుంటారు. రెండోదే నిజమని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

మూడో ఏడు నడుస్తుండగా, ఖురం వైపు ఉండే మనవాళ్ళ సంఘం ఒకటి స్వదేశం నుంచి ఒక పెద్ద విద్వాంసుణ్ణి పిలిపించింది. ఆయన్ను ఇక్కడ శాస్త్రిగారని మాత్రం అంటాను. ఆయన వచ్చారు, వయొలిన్ వచ్చింది, మృదంగం వాయించవలసినాయనకు వీసా రాలేదు. ఈ కబురు మస్కట్‌కు సిమెంటు తేవడానికి వెళ్ళిన నా చెవిన పడింది. నేను తిన్నగా సంఘ కార్యదర్శి ఆఫీసుకు వెళ్ళి, నిలబడే, ఒక అర్జీ రాసి ఇచ్చాను. ఆయన చదివి కుర్చీలో వెనక్కి వాలాడు.

“నర్సా? రుస్తాఖ్‌లోనా? చర్చిలో వాయిస్తారా ఆవిడ?”

“మృదంగం వాయిస్తారండి. ఎక్కడ వాయించినా అది మృదంగమే.”

“శాస్త్రిగారు ఆడవాళ్ళతో కూర్చోరేమోనండీ.”

“ఆయన్నడగండి. మీరు ఆయన బదులు చెప్పకండి.”

ఆ జవాబు వల్ల అవకాశం పోయి ఉండవలసింది. కాని ఆయనకు మరో దారి లేదు. ఈ దేశంలో అప్పటికి మృదంగం పట్టినవాళ్ళు మరెవరూ ఆయనకు దొరకలేదు. శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి కచేరీ, జుమ్మా నమాజుకు ముందే, పదకొండింటికల్లా హాలు ఖాళీ చేయాలి. ఈ సంగతి చెప్పినప్పుడు కృపావతిగారు వార్డులో దిండు గలేబు మారుస్తోంది. మార్చడం పూర్తిచేసింది. దిండు సరిగ్గా పెట్టింది. అప్పుడు, “గురువారం రాత్రి డ్యూటీ ఉంది నాకు. పొద్దున్నే అటునించే వచ్చేస్తాను,” అంది. కాని గలేబు తిరగేసి తొడిగింది.

ఆ వారమే క్వార్టర్సుకు సున్నం వేస్తున్నారు. మంగళవారం సాయంత్రం ఆమె మృదంగాన్ని నా స్టోరులో పెట్టి, “ఈ ఎండగాలికి కుడి మూత మీద నల్ల కరణి పగులుతుంది తమ్ముడూ. జాగ్రత్త,” అని చెప్పి వెళ్ళింది. కరణి అంటే మూత మధ్య గుండ్రంగా ఎండబెట్టిన నల్లటి పూత. మృదంగం గొంతు అదే. ఆమె ఆ మాట అంటున్నప్పుడు గంగారాం గుమ్మంలో బస్తాలు దించుతున్నాడు. నేను మర్నాడు పొద్దున్నే ఇనుము కోసం బర్కా వెళ్ళాను. స్టోరులో మేకులకు చీటీ ఉంది, తాళ్ళకు చీటీ ఉంది. ఆ మృదంగం మీద ముట్టవద్దని ఒక చీటీ రాసి పెట్టాలని మాత్రం, ఇన్ని రాసే నాకు, తోచలేదు.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి మృదంగం తడి గోనెల్లో చుట్టి ఉంది. గంగారాం చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. పొద్దుటి నుంచి అయిదుసార్లు పోశాడట.

“ఏం జేస్తున్నవ్ రా?”

“పగుల్తదని సిస్టరమ్మనే జెప్పింది గద సారూ. స్లాబ్ గూడ ఎండకు పగుల్తదని తడి గోనెలే గప్పుతం. ఇంత జిగేల్మనే సామానును గట్లనే ఇడిసిపెడ్తవా నువ్వు?”

ఎండకు పగిలేది ఏదైనా తడిపి కాపాడాలి: అతని ఇరవై ఏళ్ళ పని అతనికి నేర్పింది ఇదే. ఎన్ని ఇళ్ళ కప్పులు ఆ పద్ధతిలో బతికాయో. నేను గోనె విప్పాను. కుడి మూత నీళ్ళలో నానిన అప్పడంలా మెత్తబడి ఉంది. కరణి ఉబ్బి, వేలు తాకితే పెచ్చుగా ఊడి నా గోటికి అంటుకుంది. ఎడమచెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తట్టాను. తడిసిన అట్ట చప్పుడు వచ్చింది. గంగారాం నా మొహం చూసి చెంబు కింద పెట్టాడు.

నేను వెళ్ళి చెబితే ఆమె డ్యూటీ దిగి తిన్నగా స్టోరుకు వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను; అరిస్తే బాగుండుననుకున్నాను. ఆమె మృదంగాన్ని ఒళ్ళో పెట్టుకుని, రోగి కడుపు చూసినట్టు, చుట్టూ నొక్కి చూసింది. గంగారాం సిమెంటు బస్తాకు ఆనుకుని నిలబడ్డాడు.

“తప్పయింది సిస్టరమ్మా. నా చెయ్యి ఇరిసినా ఏమన.”

“చెయ్యి విరిస్తే నేనే కట్టు కట్టాలి మళ్ళీ. ఆ పని నాకెందుకండీ,” అంది ఆమె. “పనస కట్టె బాగానే ఉంది. మూత పోయింది. మా నాన్న చేయించిన మూత ఇంకోటుంది నా ట్రంకులో. కాని పాత మూత విప్పి, కొత్తది వేసి, వార్లు లాగాలి. అది నాకు రాదని కాదు. నాకు బలం చాలదు. మా నాన్న లాగితే దూలానికి కట్టిన ఆవు కూడా వచ్చేసేది.” గంగారాం చేతుల వంక చూసింది. “మీరు కంబి కడతారటగా.”

ఆ బుధవారం సాయంత్రమూ, గురువారం మధ్యాహ్నమూ నేను చూసిన పని నా జీవితంలో చూసిన అన్ని పనుల కంటే గొప్పది. ఎన్నో అంతస్తులు లేవడం చూశాను. అవేవీ దీనికి సాటిరావు. మూత అంచున తోలు అల్లిక ఉంటుంది. దానికి పదహారు కళ్ళు. ఈ వైపు కంటిలోంచి ఆ వైపు కంటికి ఒకే పొడవాటి తోలు వారును దూర్చుకుంటూ, చుట్టూ తిరిగి, ప్రతి చుట్టుకూ కొంచెం కొంచెం బిగించుకుంటూ రావాలి. ఒక్కచోట ఎక్కువ లాగితే మూత వంకరపోతుంది, శ్రుతి కలవదు. ఆమె నూనె రాసిన వారును వేళ్ళతో దారి చూపుతుంది. గంగారాం పటకారుతో పట్టి లాగుతాడు. బలంగా లాగాలంటే మృదంగానికి కాలు అడ్డం పెట్టాలి. అక్కడ ఆగిపోయాడు.

“కాలు వెట్ట సిస్టరమ్మా. వాయిద్యం అది. నాతోని కాదు.”

“మా నాన్నా కాలే పెట్టేవాడండీ. కట్టేటప్పుడు అది తోలూ కర్రానే. కట్టాక దణ్ణం పెట్టుకుందురుగాని.”

“మీ దాంట్ల దణ్ణం వెట్టుకుంటరా?”

“ముద్దు పెట్టుకుంటాం. మీకు దణ్ణమైతే దణ్ణమే పెట్టుకోండి. లాగండి ముందు.”

అతడు బనీనుతో పాదం తుడుచుకుని, తుడిచిందే మళ్ళీ తుడుచుకుని, కళ్ళు మూసుకుని కాలు పెట్టాడు. నాలుగు చుట్లు లాగారు. చుట్టు చుట్టుకూ ఆమె చిన్న రాయితో అంచు తట్టి చెవి ఆనించి వినేది. “ఇక్కడ అరవీసం,” అనేది. గంగారాం అరవీసమే లాగేవాడు. ఎంత లాగాలో అతనికి ఎలా తెలిసిందో నేను చెప్పలేను. ఇద్దరికీ అంతకుముందు ఒక్క మాట పరిచయం లేదు. గురువారం ఎండ వాలుతుండగా ఆమె చూపుడువేలు చాచి కుడి మూత అంచు మీద ఒక్కసారి కొట్టింది. ‘నం’ అంది అది. నలభై ఒక్క వారాలు నేను వెతికిన అక్షరం. సిమెంటు బస్తాలు దాన్ని మింగలేకపోయాయి. గుమ్మంలో మలయాళీ సిస్టర్ పుస్తకం మూసింది. గంగారాం చేతులు జోడించాడు. ఆమె డ్యూటీకి టైమైందని లేచి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది.

శుక్రవారం ఉదయం ఆరున్నరకు ఆసుపత్రి గేటు దగ్గర పికప్‌లో ఎక్కించుకున్నాను. ఇద్దరు సిస్టర్లూ వెనక సీట్లో, ఇద్దరి ఒళ్ళో అడ్డంగా మృదంగం. ఉతికిన చొక్కాతో గంగారాం నా పక్కన. హాలు చేరాక ఆమె తెల్ల యూనిఫారం మార్చుకుని ముదురాకుపచ్చ చీరలో వచ్చింది. పంచిపెడుతున్న కార్యక్రమ పత్రంలో మృదంగం అన్న మాటకు ఎదురుగా, రాలేకపోయిన విద్వాంసుడి పేరే ఉంది. కార్యదర్శిని నిలదీశాను.

“ముందే ప్రింటయిపోయిందండీ. ఆడియన్స్‌కి అంత పట్టింపు ఉండదు.”

“మీ పేరు తప్పు పడి ఉంటే పట్టింపు ఉండేదా?”

“సార్, ప్లీజ్, మీరు శ్రుతిపెట్టె దగ్గర కూర్చోండి,” అన్నాడు. శ్రుతిపెట్టె తిత్తి ఊదడానికి మనిషి లేక నన్నే వేశారు. అందుకే ఇదంతా వేదిక మీది నుంచి చూడగలిగాను.

శాస్త్రిగారు తెర వెనక ఆమెను తేరిపార చూశారు. మనిషి కఠినుడు కాడు, అలవాటు లేనివాడు.

“ఎవరి దగ్గరమ్మా నేర్చుకున్నారు?”

“మా నాన్నగారి దగ్గరండి.”

“ఎవరికి వాయించేవారు?”

“క్రీస్తు హరికథలకండి.”

ఆయన అంగవస్త్రం సర్దుకున్నారు. “సరే. సాదాగా నా వెంట రండి, చాలు. తని పెట్టుకోవద్దు. టైము కూడా లేదంటున్నారు.”

“మీ ఇష్టమండి,” అంది. ఆమె గొంతులో ఏ మార్పూ లేదు. వేళ్ళకు వాజిలీను రాసుకుని, రవ్వముద్ద అద్ది, వెళ్ళి కూర్చుంది. ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన మనిషి, వద్దన్నాక కూడా అంత నెమ్మదిగా రవ్వ అద్దగలదని నేను అనుకోలేదు.

కచేరీ మొదలైంది. ఆమె సాదాగానే వాయించింది. కాని ఆ సాదాతనంలో ఏం చేసిందో ఆ వేదిక మీద ఉన్నవాళ్ళకే తెలుసు. ఆయన ఊపిరి తీసుకునేచోట ఆమె చేతులు ఆగేవి. ఆయన ఒక పదాన్ని తిప్పబోతున్నారని ఆయనకంటే ముందు ఆమెకు తెలిసినట్టు, ఆ తిరుగుడు కింద మెత్తటి చాప పరిచినట్టు ఎడమచేతి ధ్వని వచ్చి కూర్చునేది. రెండో కీర్తనకు ఆయన ఒకసారి పక్కకు చూశారు. మూడోదానికి ఆమె వైపు కొంచెం జరిగి కూర్చున్నారు. ప్రధాన కీర్తన ముగియవస్తుండగా కార్యదర్శి తెర పక్కన నిలబడి గడియారం చూపించాడు. శాస్త్రిగారు అతణ్ణి చూశారు, చూసి, పాట నిలిపి, ఎడమచెయ్యి ఆమె వైపు చాచారు.

“కానివ్వండమ్మా.”

కార్యదర్శి రెండు వేళ్ళు చూపించాడు, రెండు నిమిషాలని. ఆమె అతని వైపు చూడలేదు. మొదట ఏమీ వాయించలేదు. ఒక ఆవృత్తం మొత్తం నిశ్శబ్దంగా వదిలేసింది. ఆ ఎనిమిది లెక్కల నిశ్శబ్దం నా చెవుల్లో ఇంకా ఉంది. తర్వాత ‘త ధి తొం నం’ వాయించింది. ఆ నాలుగక్షరాలే. అవే విడిపోయి, అవే కలిసి, అవే ఒకదాన్నొకటి తరుముకుంటూ, ఫలజ్ కాలువలో నీరు మలుపు దగ్గర గుండ్రంగా తిరిగి మళ్ళీ తిన్నగా పోయినట్టు పోయాయి. ఆ నాలుగింటిలో ఇన్ని ఉన్నాయని నాకు మూడేళ్ళుగా తెలియదు. నా చేతులు శ్రుతిపెట్టె మీద ఉన్నాయి కనుక కాలి బొటనవేలితో తాళం వేస్తున్నాను. అప్పుడామె లెక్కకు అయిదు చొప్పున నడిచే ఖండగతిలోకి మళ్ళింది. ఎదుట తాళం వేసేవాడికి అది కత్తి మీద నడక.

అక్కడ శాస్త్రిగారి చెయ్యి తప్పింది. ఒక వేలు దాటవేశారు. నా బొటనవేలు ఏడు దగ్గర ఉండగా ఆయన చెయ్యి ఎనిమిది దగ్గర ఉంది. ఇంతటి విద్వాంసుడు అందరి ముందూ తాళం తప్పాడంటే, లేదా ఆడమనిషి మృదంగం వల్లే తాళం చెడిందంటే, రెండూ వినేవాళ్ళు ఆ హాలులో ఉన్నారు. కృపావతిగారు తల ఎత్తలేదు. ఖండగతిని, పట్టుకున్న పిట్టను వదిలినంత మెత్తగా, వదిలేసింది. ఎడమచేత్తో లెక్కకు ఒకటి చొప్పున నిండుగా ‘తొం’ వేస్తూ రెండు ఆవృత్తాలు నడిపింది. వేగం తర్వాత విశ్రాంతి అనుకున్నారు జనం. ఒకరిద్దరు తృప్తిగా తల ఊపారు. శాస్త్రిగారి చెయ్యి ఒక్క క్షణం తొడ మీద ఆగింది. ఆయన విన్నారు. మళ్ళీ చెయ్యి లేచేసరికి సరైనచోట పడింది. అప్పుడామె అయిదు నడకను ఎక్కడ వదిలిందో అక్కడే అందుకుని, ముక్తాయింపు మూడుసార్లు తిప్పి, ఆయన చేతి కిందనే దింపింది. చప్పట్లు చాలాసేపు మోగాయి. కార్యదర్శి వేళ్ళు ఎప్పుడు దించాడో నేను చూడలేదు.

తిరుగు ప్రయాణంలో బర్కా దగ్గర టీ కోసం ఆగాం. నమాజు ముగిసి హోటలు తలుపు తీసేదాకా బండి నీడన నిలబడ్డాం. గంగారాం మృదంగం వార్లు ఒక్కొక్కటే వేలితో మీటి చూశాడు.

“సడలలే సారూ. ఒక్కటి గూడ సడలలే,” అన్నాడు. “నడుమ జెర్రంత నిమ్మళించింది గద, అప్పుడు భయమైంది నాకు. నా కట్టే జారిందనుకున్న.”

అతడు టీ తేవడానికి వెళ్ళాక నేను ఆమె దగ్గరికి జరిగాను. “అక్కా, ఖండగతిలో శాస్త్రిగారి చెయ్యి తప్పింది గదా.”

“నువ్వు శ్రుతిపెట్టె చూసుకోక ఆయన చెయ్యి ఎందుకు చూశావు?”

“నీ తనిలో కొంత పోయింది. ఇన్నాళ్ళు ఎదురుచూసి, వచ్చిన కాసేపట్లో రెండు ఆవృత్తాలు ఆయన కోసం ఖర్చుపెట్టావు.”

ఆమె రాత్రంతా మేలుకుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “డాక్టరుగారి చెయ్యి వణికితే ట్రే కొంచెం దగ్గరికి జరుపుతాం తమ్ముడూ,” అంది. “పేషంటుకి చెప్తామా? ఆ రెండు ఆవృత్తాలే నేను బాగా వాయించింది. నువ్వు ఎక్కడైనా రాసుకుంటావేమో. రాయకు.”

రాయలేదు. ఆమె మరుసటి రోజు డ్యూటీకి వెళ్ళింది, ఆ తర్వాత చాలా ఏళ్ళు వెళ్ళింది. వేదికలు మళ్ళీ దక్కాయి, కొన్నే. శాస్త్రిగారు పోయారు, ఇప్పుడామే పోయింది. ఆమె వద్దన్నది ఈ రోజు రాయడానికి కారణం ఆ సంచికలోని వ్యాసం ఒక్కటే కాదు.

పోయిన చలికాలంలో, ఇదే ఖురంలో, మస్కట్‌లోనే పుట్టి పెరిగిన ఒక అమ్మాయి పాడితే నేను వాయించాను. హాలు పెద్దది, మైకులు మంచివి, నా పేరు కార్యక్రమ పత్రంలో పెద్ద అక్షరాల్లో ఉంది. స్వరాలు పాడుతూ ఆ పిల్ల ఒకచోట లెక్క తప్పి ముందుగా దిగింది. నేను తాళం మళ్ళీ మొదలయ్యే సమం దగ్గర, హాలు మొత్తానికీ తెలిసేలా, ఒక్క దెబ్బ వేసి, తల ఎత్తి సభ వైపు చూశాను. తెలిసినవాళ్ళు నవ్వారు. ఆ పిల్ల తల వంచుకుని మిగతా కచేరీ పాడింది. నా లెక్క సరైనదే. అప్పుడూ ఇప్పుడూ సరైనదే. నలభై ఏళ్ళకు పైగా నేను కృపావతిగారు నేర్పిన అక్షరాలు వాయిస్తున్నాను. ఆ శుక్రవారం ఆమె వాయించిన రెండు ఆవృత్తాలు మాత్రం నాకు ఇంకా రాలేదు.

ఈ అధ్యాయం రాస్తూ, నిన్న పొద్దున ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. కచేరీలో అలా దెబ్బ వేసి ఉండకూడదని, తప్పు నాదేనని చెప్పాను.

“ఏ కచేరీ గురువుగారూ?” అంది.

చోటు చెప్పాను, రాగం చెప్పాను, ఎన్నో వరుస స్వరమో కూడా చెప్పాను. ఆమె కొంచెంసేపు ఆగింది.

“అలాంటిదేదీ జరిగినట్టు నాకు గుర్తు లేదండీ,” అంది.

ఆ ఆగిన కాసేపట్లోనే ఆమెకు గుర్తుందని, నా కోసం ట్రే కొంచెం దగ్గరికి జరుపుతోందని నాకు తెలిసింది. ఎదురు చెప్పకూడదని కూడా తెలిసింది.